రాత్రికి పాతిక ఫిల్సుల పరుపు

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మన పెద్దలన్నారు. ఊళ్ళో పొలం పని చేసొచ్చి, అరుగు మీద తువ్వాలు పరుచుకుని పడుకున్నా తెల్లారేదాకా మెలకువ రాని వయసులో మనమంతా ఆ మాట నిజమనే అనుకున్నాం. పొట్ట చేత పట్టుకుని గల్ఫ్‌కు వచ్చి, పదేళ్ళపాటు సిమెంటు బస్తాలు మోసి, ఇనుప చువ్వలు వంచి, నలభైకి దగ్గరపడ్డాక సంగతి వేరు. నిద్రకు సుఖం తెలియకపోవచ్చు గానీ, నడుముకు మాత్రం బాగా తెలుసు.

పరుపు గురించి పేపర్లో రాసేదేముందని నవ్వుకోకండి. జీతం, ఓటీ, వీసా, టికెట్ గురించి రోజూ మాట్లాడుకుంటాం. రోజులో ఏడెనిమిది గంటలు మన ఒళ్ళు ఆనుకుని ఉండే వస్తువు గురించి ఎవరం మాట్లాడం. మా గదిలో ఆ చర్చ రావలసి వచ్చింది. దానివల్ల మేము తెలుసుకున్నది పదిమందికీ పనికొస్తుందనే ఈ నాలుగు మాటలు.

మేము షార్జాలో ఒక క్యాంపు గదిలో ఆరుగురం ఉంటాం. జగిత్యాల మేస్త్రీని మేమంతా పెద్దన్న అంటాం. సిరిసిల్ల నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్లు ఇద్దరు, రాయచోటి నుంచి స్కాఫోల్డింగ్ పని చేసే తమ్ముడు ఒకడు, భీమవరం వైపు నుంచి ఒక డ్రైవరు, ఒక ఎలక్ట్రీషియన్. మూడు రెండంతస్తుల ఇనుప మంచాలు, ఆరు పరుపులు. ఆ పరుపులు కంపెనీ ఇచ్చినవే. రెండు అంగుళాల మందం. మాకంటే ముందు ఎంతమంది వాటి మీద పడుకున్నారో తెలియదు. నడుము ఆనే చోట గుంట పడి, చెయ్యి పెట్టి నొక్కితే కింది ఇనుప జాలీ వేళ్ళకు తగిలేది.

ఎమిరేట్స్‌లో కార్మికుల వసతి మీద 2009లో వచ్చిన క్యాబినెట్ నిర్ణయం ప్రకారం గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలి. సింగిల్ మంచం కొలత 90 సెంటీమీటర్లు, 190 సెంటీమీటర్లు. అంటే 1.71 చదరపు మీటర్లు. లెక్క చూస్తే ఈ దేశంలో మన వాటాకు వచ్చే చోటులో సగానికి పైగా మంచమే. మనం కూర్చునేది, తినేది, ఇంటికి ఫోన్ చేసేది, పండగ నాడు ఒంటరిగా పడుకుని పైకప్పు చూసేది అన్నీ దాని మీదే. ఒక రకంగా చెప్పాలంటే ఇక్కడ మన ఇల్లు ఆ పరుపే.

క్రితం చలికాలంలో ఒక తెల్లవారుజామున నాలుగున్నరకు అందరం లేచాం, పెద్దన్న లేవలేదు. "నడుము పట్టేసింది తమ్మీ, లేవస్తలేదు" అన్నాడు. ఇద్దరం చెరో చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టాం. పది నిమిషాలు గోడ పట్టుకుని నడిచాక కాస్త సర్దుకుంది, పనికి వచ్చాడు. మర్నాడూ అంతే. మూడో రోజు బస్సు ఎక్కలేకపోయాడు. క్లినిక్‌కు తీసుకుపోయాం. డాక్టరు కాళ్ళు ఎత్తించి, వేళ్ళు కదిలించమని, అన్నీ చూసి, నరం నొక్కుకున్న లక్షణాలు లేవన్నాడు. కండరాల నొప్పికి మాత్రలిచ్చి, "పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి, తిరిగితే తగ్గుతున్నదా?" అని అడిగాడు. అవునన్నాం. "ఎలాంటి పరుపు మీద పడుకుంటున్నావు?" అన్నది ఆయన రెండో ప్రశ్న.

ఆ రాత్రి పెద్దన్న ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. బిడ్డ పెళ్ళికి చేసిన అప్పు ఇంకా సగం ఉంది. "నాలుగు దినాలు గిట్లనే ఉంటే కంపెనోడు ఎగ్జిట్ కొట్టి పంపుతడు" అన్నాడు చివరికి. అందులో అబద్ధం లేదు. మన దగ్గర అమ్ముకోవడానికి చదువు లేదు, భూమి లేదు. ఉన్నది ఒళ్ళు. అది పనిచేస్తేనే నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు చేరుతుంది.

గదిలో తలా ఒక మాట అన్నారు. నడుం నొప్పికి నేల మీద పడుకోవడమే మందని ఒకరు, పరుపు తీసేసి చెక్క మీద పడుకోవాలని మరొకరు. మెత్తటి స్పంజు పరుపు కొంటే హాయిగా ఉంటుందని ఇంకొకరు. రాయచోటి తమ్ముడు మాత్రం, "మా అవ్వ నులక మంచం వదులైతే కాళ్ళ తట్టు తాడు లాగి బిగిస్తాండె. మరీ బిగిస్తే ఒళ్ళు నొప్పులంటాండె, మళ్ళా కొంచెం వదులు చేస్తాండె" అన్నాడు. అసలు సంగతి ఆ ముసలమ్మ మాటలోనే ఉంది.

డాక్టరు చెప్పింది కూడా అదే. స్పెయిన్ దేశంలో డాక్టర్లు ఈ విషయం మీద పరీక్ష చేసి, 2003లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ప్రకటించారు. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని, కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. 1 అంటే బాగా గట్టి, 10 అంటే బాగా మెత్త అనుకుంటే, గట్టి పరుపు 2.3 దగ్గర, మధ్యస్థం 5.6 దగ్గర ఉన్నాయి. పడుకున్నప్పటి నొప్పి, లేచేటప్పటి నొప్పి, రోజువారీ పనులకు అడ్డం రావడం, ఈ మూడింటిలోనూ మధ్యస్థం పరుపు వాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. అంతకుముందు డాక్టర్లు కూడా చాలామంది గట్టి పరుపే మంచిదని చెప్పేవారు.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. మన ఒళ్ళు చదునైన పలక కాదు. భుజాలు, పిరుదులు బరువు, నడుము లోపలికి వంపు. నేల మీదో చెక్క మీదో పడుకుంటే భుజం, తుంటి ఎముక ఒత్తుకుపోతాయి, నడుము కింద ఆధారం లేక గాలిలో ఉంటుంది. మరీ మెత్తటి దాని మీద పడుకుంటే బరువున్న చోటు కిందికి జారి, వెన్ను ఉయ్యాలలా వంగుతుంది. భుజాన్నీ తుంటినీ కాస్త లోపలికి రానిచ్చి, నడుమును కింద నుంచి పట్టుకునేది కావాలి. పగలంతా వంగి పనిచేసిన నడుము రాత్రి కూడా వంగే ఉంటే ఇక అది ఎప్పుడు కోలుకోవాలి?

కొనాలి అనుకున్నాక డబ్బు మాట వచ్చింది. కంపెనీ పరుపు ఉండగా మళ్ళీ కొనడమా, ఆ డబ్బు ఇంటికి పంపితే బియ్యం వస్తాయి కదా అని సిరిసిల్ల తమ్ముడు అన్నాడు. మనలో చాలామందికి ఇదే పట్టింపు. మన కోసం పది దిర్హాలు ఖర్చు పెడితే ఇంటివాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు అనిపిస్తుంది. అప్పుడు డ్రైవరన్న లెక్క కట్టాడు. కాంట్రాక్టు రెండేళ్ళు. అంటే 730 రాత్రులు. పరుపు 180 దిర్హాలు అనుకుంటే రాత్రికి దాదాపు 25 ఫిల్సులు. గ్రోసరీలో కరక్ చాయ్ ధర అంతకంటే ఎక్కువ. పెద్దన్న పనికి పోలేని ఒక్కో రోజుకు పోయే కూలీ, క్లినిక్ ఖర్చు పక్కన పెట్టి చూడమన్నాడు. ఆ తర్వాత ఎవరూ బియ్యం మాట ఎత్తలేదు.

ముందు ఆరుగురం కలిసి క్యాంపు బాస్ దగ్గరికి వెళ్ళాం. ఒక్కడు వెళితే గొణుగుడు అంటారు, ఆరుగురు వెళితే వింటారు. పరుపులు మార్చమని కాగితం మీద రాసి ఇచ్చాం. స్టోరులో ఉన్న వాటిలో కాస్త మంచివి రెండు ఇచ్చాడు, మిగతా వాటికి ఆర్డరు రావాలన్నాడు. సొంత పరుపులు తెచ్చుకోవడానికి, మంచం మీద ప్లైవుడ్ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ రెండు పరుపులూ ఎలక్ట్రీషియన్‌కు, రాయచోటి తమ్ముడికి ఇచ్చి, మిగతా నలుగురం కొనుక్కుందామని సెలవు రోజున రోలా వైపు బయలుదేరాం.

దుకాణంలో మొదట వినపడేది "మెడికేటెడ్" అనే మాట. "మెడికేటెడ్ హై భాయ్, కమర్ కే లియే నంబర్ వన్" అంటాడు. పేరు చూసి అందులో ఏదో మందు ఉందనుకునేరు. మందూ లేదు మాకూ లేదు. ఇక్కడ ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రీబాండెడ్ ఫోము. ఫోము ఫ్యాక్టరీల్లో మిగిలిన ముక్కల్ని తురిమి, జిగురు కలిపి, అచ్చులో నొక్కి ఆవిరి పట్టిస్తారు. జిప్పు తీసి చూస్తే రంగురంగుల ముక్కలు కనపడతాయి. అది చెడ్డదని చెప్పడం లేదు. బరువుగా ఉంటుంది, త్వరగా కుంగదు. కానీ చాలా గట్టి. సన్నటి మనిషి పక్కకు తిరిగి పడుకుంటే తెల్లారేసరికి భుజం తిమ్మిరెక్కుతుంది. లావుపాటి మనిషికైనా దాని మీద ఒకటిన్నర, రెండు అంగుళాల మెత్తటి పొర ఉంటే మంచిది.

రెండో మాట "హై డెన్సిటీ". దుకాణదారులు డెన్సిటీ అంటే గట్టితనం అన్నట్టు మాట్లాడతారు. రెండూ వేరు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్నది. గట్టితనం అంటే నొక్కితే ఎంత ఎదురు నెడుతుందన్నది. మెత్తగా ఉంటూనే డెన్సిటీ ఎక్కువ ఉన్న ఫోము ఉంటుంది, గట్టిగా ఉంటూ డెన్సిటీ తక్కువ ఉన్నదీ ఉంటుంది. ఆ రెండో రకంతోనే జాగ్రత్త. కొన్న రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, కొన్ని నెలలకే గుంట పడుతుంది. పరుపు ఎలా ఉందో గట్టితనం చెబుతుంది, అలా ఎన్నాళ్ళు ఉంటుందో డెన్సిటీ చెబుతుంది.

డెన్సిటీ ఎంతని అడిగితే "తర్టీటూ" అని ఎవడైనా అంటాడు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? దీనికి మన దగ్గరే సాధనం ఉంది. ఛుట్టీకి పోయేటప్పుడు 30 కిలోలు దాటకుండా అట్టపెట్టె తూచుకునే చేతి కాంటా ప్రతి గదిలో ఉంటుంది కదా. దాన్ని జేబులో పెట్టుకుని వెళ్ళాం. 90 సెంటీమీటర్లు, 190 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న పరుపులో ఫోము 0.171 ఘనపు మీటరు. డెన్సిటీ 20 అయితే అది దాదాపు 3 కిలోల 400 గ్రాములు తూగాలి. 30 అయితే 5 కిలోల 100 గ్రాములు. కవరు బరువు తీసేసి చూడాలి. రీబాండెడ్ అయితే 90 డెన్సిటీకి 15 కిలోలు దాటుతుంది. మొదటి దుకాణంలో "32" అని చెప్పిన పరుపును తాడుతో కట్టి కాంటాకు తగిలిస్తే కవరుతో కలిపి 4 కిలోలు కూడా లేదు. దుకాణదారుడు నవ్వేసి లోపల నుంచి ఇంకో రకం తెచ్చాడు.

కాంటాను మోసం చేసే ఉపాయం కూడా ఉంది. బరువు పెరగడానికి ఫోములో సుద్దపొడి కలిపేవాళ్ళు ఉంటారు. అందుకని జిప్పు తీయించి, మూల దగ్గర గిల్లి చూడాలి. పొడి రాలినా, ముక్క సులువుగా ఊడొచ్చినా వద్దనండి. అరచేతితో గట్టిగా నొక్కి వదలండి. మామూలు ఫోము వెంటనే పైకి లేవాలి. మెల్లగా లేచేది మెమరీ ఫోము. విమానాల సీట్ల కోసం 1966లో నాసా పరిశోధనల్లో పుట్టిన సరుకు అది. ఒంటి వేడికి మెత్తబడడం దాని గుణం. ఏసీ బాగా పనిచేసే ఇంట్లో బాగుంటుందేమో గానీ, ఏసీ ఆగితే ఆరుగురు ఉడికిపోయే గదిలో మాకు నప్పలేదు.

ఇక అసలు పరీక్ష పడుకోవడం. నిలబడి చేత్తో నొక్కి చూస్తే నడుము సంగతి తెలియదు. చెప్పులు విడిచి, మీరు రోజూ ఎలా పడుకుంటారో అలా కనీసం పది నిమిషాలు పడుకోండి. సిగ్గుపడకండి, డబ్బు ఇచ్చేది మీరే. వెల్లకిలా పడుకున్నప్పుడు తోటివాణ్ణి మీ నడుము కిందికి చెయ్యి పోనివ్వమనండి. చెయ్యి అటూ ఇటూ ఖాళీగా ఆడితే పరుపు మరీ గట్టి. అసలు దూరకపోతే మరీ మెత్త. కాస్త ఒరుసుకుంటూ దూరితే మీకు తగినది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు మెడ నుంచి తోక ఎముక దాకా వెన్ను తిన్నగా ఉండాలి. పెద్దన్న గోడకు పట్టే దారమే ఆయన వీపుకు పట్టి చూశాం. దుకాణంలో వాళ్ళంతా నవ్వారు, పెద్దన్న కూడా నవ్వాడు. వారం తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఇంకో సంగతి, నలుగురికీ ఒకే పరుపు పనికిరాదు. 58 కిలోల పెద్దన్నకు మధ్యస్థంగా తోచింది, 95 కిలోల డ్రైవరన్నకు దూదిలా కుంగిపోయింది. పెద్దన్నకు, సిరిసిల్ల తమ్ముళ్ళిద్దరికీ 30 డెన్సిటీ మధ్యస్థం ఫోము నాలుగు అంగుళాలది తీసుకున్నాం, బేరమాడితే ఒక్కోటి 180 దిర్హాలకు వచ్చింది. డ్రైవరన్నకు కింద రీబాండెడ్, పైన రెండు అంగుళాల ఫోము పెట్టి కుట్టింది తీసుకున్నాం. దానికి ఇంకొంచెం ఎక్కువైంది. పక్కవాడు కొన్నాడని అదే కొనకుండా, ఎవరి బరువు, ఎవరి పడక వాళ్ళు చూసుకోవాలి.

పరుపు ఎంత మంచిదైనా కింద జాలీ వదులైతే దాంతోపాటే కుంగుతుంది. ఫోర్‌మన్‌ను అడిగి సైటులో మిగిలిన ప్లైవుడ్ తెచ్చి, మంచం కొలతకు కోసి వేశాం. చెమట తేమ కింద నిలిచి బూజు పట్టకుండా ప్లైవుడ్‌కు జానెడు దూరానికొకటి చొప్పున రంధ్రాలు వేశాం. పై మంచం వాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. పరుపు మందం పెరిగితే పక్కనున్న కమ్మీ ఎత్తు తగ్గినట్టే. అమెరికాలో రెండంతస్తుల మంచాలకు ఉన్న నిబంధన ప్రకారం కమ్మీ పరుపు కంటే కనీసం 5 అంగుళాలు పైకి ఉండాలి. టేపు పెట్టి కొలవండి. నడుం నొప్పి తగ్గుతుందని ఎనిమిది అంగుళాల పరుపు వేసుకుని, నిద్రలో దొర్లి కింద పడితే నడుమే విరుగుతుంది.

నల్లుల సంగతి చెప్పకపోతే క్యాంపు పరుపు కథ పూర్తి కాదు. వీధిలో బిల్డింగు పక్కన ఎవరో పారేసిన పరుపు ఎంత కొత్తగా కనపడినా తేవద్దు. కుట్ల వెంబడి చిన్న చిన్న నల్లచుక్కలు ఉంటే అవి నల్లుల గుర్తే. నల్లి తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. కొత్త పరుపుకు చుట్టూ జిప్పు ఉండే కవరు తొడిగి, దాని మీద నూలు దుప్పటి వేసుకోండి. గదిలో నల్లులు ఉంటే క్యాంపు బాస్‌కు చెప్పి లైసెన్సు ఉన్న కంపెనీతో మందు కొట్టించుకోవాలి. ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవడో ఇచ్చాడని మంచం కింద పెట్టకండి. ఆ గ్యాసు పక్క గదుల్లోకి పాకి నిద్రలోనే ప్రాణాలు తీసిన ఘటనలు ఎమిరేట్స్‌లో జరిగాయి.

మరి పెద్దన్న సంగతి? పరుపు మార్చిన మర్నాడే లేచి గెంతాడని రాస్తే అబద్ధం. మొదటి నాలుగైదు రోజులు కొత్త పడక అలవాటు కాలేదన్నాడు. మూడో వారానికి గోడ పట్టుకోకుండా లేచాడు. డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నాడు, బస్తా ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్ళు వంచుతున్నాడు. అందులో పరుపు వాటా ఎంతో, మిగతావాటి వాటా ఎంతో మేము విడదీసి చెప్పలేం. ఎగ్జిట్ మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఒకటి గుర్తుంచుకోండి. నొప్పి కాలిలోకి దిగినా, కాలు మొద్దుబారినా, పాదంలో బలం తగ్గినా, మూత్రం దగ్గర ఇబ్బంది వచ్చినా, నొప్పితోపాటు జ్వరం ఉన్నా అది పరుపుతో తీరేది కాదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దన్న ఆ నెల ఇంటికి 180 దిర్హాలు తక్కువ పంపాడు. ఎందుకు తగ్గిందని వదిన ఫోనులో అడిగితే మొదట నసిగి, తర్వాత ఉన్న సంగతి చెప్పాడు. స్పీకరులో మేమంతా విన్నాం. "గిన్నేండ్లు గసువంటి దాని మీద పన్నవా? నాకెందుకు చెప్పలే?" అని ఆమె ఏడ్చింది. మనం ఇంటివాళ్ళ కోసం కడుపు కట్టుకుంటున్నామని అనుకుంటాం. వాళ్ళకు తెలిస్తే అందులో సగం కట్టుబాట్లు ఒప్పుకోరు. కాబట్టి పంపే డబ్బులో ఒక నెల కాస్త తగ్గినా, కారణం చెప్పి నడుము కాపాడుకోండి.

ఇప్పుడు మా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి కొత్త పరుపు అడుగున మార్కరుతో కొన్న నెల, సంవత్సరం రాశాం. రెండు మూడు నెలలకోసారి తలవైపు కాళ్ళవైపుకు తిప్పుతాం. అప్పుడు పెద్దన్న దారం ఈ అంచు నుంచి ఆ అంచుకు పట్టి, నడుము చోట గుంట ఎంతుందో టేపుతో కొలుస్తాడు. అంగుళం దాటితే దాన్ని మార్చాలని అందరి మాట. మొన్న కొలిస్తే నాలుగింటిలో ఏదీ పావు అంగుళం దాటలేదు.